గ్రీన్‌కార్డు అమెరికాదే.. కాగితాలు మాత్రం మరిపెడవి

పెళ్లితో పని పూర్తికాదు. పేరు, తేదీ, రిజిస్ట్రేషన్ ముందే సరిచూసుకోవాలి

మరిపెడ: అమెరికా సంబంధం ఖాయమైన ఇంట్లో పెళ్లి పనులకు లోటుండదు. బంగారం, బట్టలు, ఫంక్షన్ హాలు, భోజనాలు, అన్నింటికీ ముందే లెక్కలు వేస్తారు. పెళ్లికూతురును భర్త దగ్గరకు చేర్చే కాగితాల లెక్క మాత్రం ఎవరికీ పట్టదు. మూడు వారాల సెలవు మీద వచ్చిన వరుడు తాళి కట్టి తిరుగు విమానం ఎక్కుతాడు. ఆ తర్వాతే అసలు కథ మొదలవుతుంది. జనన ధృవపత్రంలో పిల్ల పేరే ఉండదు. పదో తరగతి మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో మరో ఇంటిపేరు ఉంటుంది. పెళ్లి రిజిస్టరు చేద్దామంటే పెళ్లికొడుకు ఊళ్లో ఉండడు.

శాశ్వత నివాస అనుమతి ఇచ్చేది అమెరికా ప్రభుత్వమే. కానీ ఆ ప్రభుత్వం అడిగే రుజువుల్లో సగానికి పైగా పుట్టేది ఇక్కడే. పంచాయతీలో, మున్సిపాలిటీలో, బడిలో, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో పుట్టిన కాగితాలవి. ఇక్కడ దొర్లిన అక్షరం తప్పును దిద్దడానికి అక్కడ ఎవరూ లేరు. దిద్దే వరకు భార్యాభర్తలు చెరో ఖండంలో ఉండాల్సిందే.

ఓరుగల్లు ప్రాంతానికి అమెరికా కొత్త కాదు. 1959లో వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల ఏర్పడ్డాయి. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి ఆసియా దేశాలవారికి తలుపులు తెరిచింది. డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు. వారి వెంట భార్యలు వెళ్లారు. 1990 చట్టంతో హెచ్-1బి ఉద్యోగ వీసా వచ్చాక కంప్యూటర్ చదువుల పిల్లలు బయలుదేరారు. ఈనాడు పత్తి, మిర్చి పండించే కుటుంబాల పిల్లలు, తండాల పిల్లలు కూడా ఎమ్మెస్ చదువులకు వెళ్తున్నారు. వెళ్లేవారు పెరిగినంతగా కాగితాల ఎరుక పెరగలేదని చెప్పక తప్పదు.

ఎవరి భార్య అన్నదే మొదటి ప్రశ్న

‘అల్లుడు అమెరికాలో ఉంటడు’ అన్న ఒక్క మాటతో పెద్దలు తృప్తిపడతారు. నిజానికి అల్లుడు అక్కడ ఏ హోదాలో ఉన్నాడన్న దాన్ని బట్టే భార్య దారి ఉంటుంది. ఇందులో మూడు తరగతులున్నాయి.

భర్త అమెరికా పౌరుడైతే భార్య ‘అత్యంత సమీప బంధువు’ కిందికి వస్తుంది. ఏటా ఇంతమందికే అన్న పరిమితి ఆమెకు లేదు. భర్త ఐ-130 అనే దరఖాస్తు వేస్తాడు. అది మంజూరైతే వరుసలో నిలబడే పని ఉండదు. కాగితాల పరిశీలనకు, ఇంటర్వ్యూకు పట్టే కాలమే ఆలస్యం.

భర్త పౌరుడు కాక గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాడైతే దరఖాస్తు అదే గాని, భార్య ‘ఎఫ్-2ఎ’ అనే వరుసలోకి వెళ్తుంది. ఈ వరుసకు ఏటా పరిమితి ఉంది. వరుస ఎంతవరకు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో చూసుకోవాలి.

మూడో తరగతి హెచ్-1బి ఉద్యోగుల భార్యలది. వీరు హెచ్-4 వీసా మీద వెంటనే వెళ్లవచ్చు. అయితే అది తాత్కాలిక వీసా. శాశ్వత నివాసం భర్త ఉద్యోగం ద్వారా రావాలి. ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 వీసాలు ఉండగా, ఒక్కో దేశానికి 7 శాతం మించరాదన్న నిబంధన ఉంది. భారత్‌లో పుట్టినవారి వరుస ఇందువల్లనే పదేళ్లకు పైగా సాగుతోంది. భార్య ఆ వరుసలో భర్త తేదీతోనే నిలబడుతుంది. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ నిర్దేశిత దశకు చేరిన హెచ్-4 భార్యలకు ఉద్యోగం చేసుకునే అనుమతి 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చింది.

భార్య అక్కడ ఉద్యోగంలో ఉండి భర్త ఇక్కడ ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి. నిబంధనలు ఇద్దరికీ ఒక్కటే.

పెళ్లి తేదీకి ఎంత విలువ

ముహూర్తం పంచాంగం చూసి పెడతారు. అమెరికా సంబంధంలో వరుడి దరఖాస్తు ఏ దశలో ఉందో కూడా చూడటం అవసరం.

హెచ్-1బి మీద ఉన్న వరుడికి గ్రీన్‌కార్డు చేతికి రాకముందే పెళ్లయితే, అతని దరఖాస్తు వెంటనే భార్య పేరూ సాగుతుంది. గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లయితే ఆ హక్కు పోతుంది. అప్పుడు అతను విడిగా ఐ-130 వేసి ఆమెను ఎఫ్-2ఎ వరుసలో నిలబెట్టాలి. అప్పటికి అతను హెచ్-1బిలో ఉండడు గనుక ఆమెకు హెచ్-4 వీసా కూడా దొరకదు. ‘గ్రీన్‌కార్డు వచ్చినంక పెండ్లి చేద్దాం’ అని ఆగిన పెద్దలు తమకు తెలియకుండానే పిల్లను వరుస చివర నిలబెట్టినవారవుతారు. వారాల తేడా ఏళ్ల ఎడబాటు తెస్తుంది.

రెండో సంగతి రెండేళ్ల లెక్క. భార్య శాశ్వత నివాసిగా అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఆమెకు రెండేళ్ల గడువుతో షరతుల కార్డు ఇస్తారు. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో తెచ్చిన చట్టం ఇది. గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేసి షరతు తొలగింపజేసుకోవాలి. మరచిపోతే హోదాకే ముప్పు వస్తుంది.

పత్రిక చాలదు, పత్రం కావాలి

లగ్నపత్రిక, శుభలేఖ, ఆల్బం ఎన్ని ఉన్నా అవి వివాహ ధృవపత్రం కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 14న సీమా వర్సెస్ అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్ని మతాలవారి వివాహాలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అయినా అవసరం వస్తే తప్ప సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం మెట్లెక్కే అలవాటు లేదు.

హిందూ వివాహ చట్టం (1955) కింద రిజిస్ట్రేషన్‌కు వధూవరులు ఇద్దరూ సాక్షులతో హాజరు కావాలి. వయసు, చిరునామా రుజువులు, శుభలేఖ, పెళ్లి ఫొటోలు తీసుకెళ్లాలి. వరుడి సెలవు తక్కువ గనుక పెళ్లి మరునాటి నుంచే ఈ పని పెట్టుకోవడం మేలు. ఒడిబియ్యం, మొక్కులు తర్వాత తీర్చుకోవచ్చు.

తండాల్లో ఇంకో చిక్కుంది. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 2(2) ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కనుక ఏ చట్టం కింద రిజిస్టరు చేయాలో ముందే అడిగి తెలుసుకోవాలి. మతంతో నిమిత్తం లేని 2002 చట్టం ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కూడా ఉంది. అయితే ప్రత్యేక వివాహ చట్టం కింద అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది. వరుడి సెలవు అంతకంటే తక్కువైతే ఆ దారి కుదరదు.

డోర్నకల్ వైపు చర్చిలో జరిగే పెళ్లిళ్లకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. ముస్లింల నికానామా ఆధారంగా రాష్ట్ర వక్ఫ్ బోర్డు ధృవపత్రం ఇస్తుంది. ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లి అయితే మొదటి వివాహం రద్దయినట్లు కోర్టు డిక్రీ గాని, మరణ ధృవపత్రం గాని జత చేయాలి. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న విడాకుల కాగితాన్ని నమ్ముకుంటే దరఖాస్తు ఆగే ప్రమాదం ఉంది.

పుట్టింది ఎప్పుడు, రాసింది ఎప్పుడు

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. చట్టం వచ్చిందన్న మాటే గాని, ఇంటి దగ్గర మంత్రసాని చేతుల మీద పుట్టిన పిల్లల పేర్లు చాలాకాలం పాటు రిజిస్టరుకు ఎక్కలేదు. బడిలో వేసేటప్పుడు పంతులు ఉజ్జాయింపుగా రాసిన తేదీయే పుట్టిన తేదీ అయింది. పదో తరగతి మెమోకు అదే ఎక్కింది. పాస్‌పోర్టుకూ అదే ఎక్కింది.

అమెరికా వలస వీసాకు జనన ధృవపత్రం అడుగుతారు. అది లేనివారు సంబంధిత కార్యాలయం నుంచి ‘నమోదు దొరకలేదు’ అనే పత్రం తీసుకుని, దానితోపాటు బడి రికార్డులు, తల్లిదండ్రుల లేదా దగ్గరి బంధువుల ప్రమాణ పత్రాలు ఇవ్వవచ్చు. ఏడాది దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించాలంటే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. ఆలస్యపు నమోదు ఉన్నప్పుడు దాన్నొక్కదాన్నే పంపకుండా పాత బడి రికార్డు కూడా జత చేస్తే అనుమానాలకు తావుండదు. మరిపెడ 2018లో మున్సిపాలిటీ అయింది. అంతకు ముందు పుట్టినవారి పాత పంచాయతీ రిజిస్టర్లు ఇప్పుడు ఎక్కడున్నాయో విచారించుకోవడం మొదటి మెట్టు.

ధృవపత్రం తెలుగులోనే ఉంటే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. రెండు భాషలూ వచ్చునని, అనువాదం సరైనదని అనువాదకుడు సంతకంతో రాసివ్వాలి.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

మన దగ్గర ఇంటిపేరు ముందు, పేరు వెనుక. అక్కడ తద్విరుద్ధం. బడి రిజిస్టరులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగులుతుంది. బానోత్, బానోతు ఒకే ఇంటిపేరైనా ఇంగ్లీషులో రాస్తే రెండు మాటలవుతాయి. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది, పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉండిపోతుంది. ఇవన్నీ ఒకే అమ్మాయివని ఊరంతటికీ తెలుసు. సముద్రం అవతల ఫైలు చూసే అధికారికి తెలియదు.

పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని ముద్రిస్తారు. పేరు తెలియదని దాని అర్థం. పాస్‌పోర్టు తీసుకునే నాడే రెండు గడులూ సరిగా నింపించుకుంటే ఈ తంటా ఉండదు. పాస్‌పోర్టుకు వివాహ ధృవపత్రం తప్పనిసరి అన్న నిబంధనను 2016 డిసెంబర్‌లో తొలగించారు. పెళ్లైనంత మాత్రాన ఇంటిపేరు మార్చాలనీ లేదు. మార్చితే అన్నిచోట్లా మార్చాలి, లేదంటే ఎక్కడా మార్చకూడదు. సగం మార్పే చిక్కులకు మూలం.

హాస్టల్ గదుల నుంచి పోలీసు పత్రం దాకా

ఐ-130 మంజూరయ్యాక ఫైలు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని జాతీయ వీసా కేంద్రానికి చేరుతుంది. అప్పుడు భార్య డిఎస్-260 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపాలి. పదహారో ఏటి నుంచి ఉన్న చిరునామాలన్నీ అందులో అడుగుతారు. ఇంటర్ చదివిన హాస్టలు, బీటెక్ నాటి గది, అమీర్‌పేటలో కోచింగ్‌కు ఉన్న మూడు నెలల అద్దె గది, అన్నీ తేదీలతో రాయాలి. పాత కాగితాలు చూసి ముందే ఒక నోటుబుక్కులో రాసుకున్నవారికి ఈ పని ఒక పూటలో ముగుస్తుంది.

పోలీస్ క్లియరెన్స్ పత్రానికి పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి. 2022 సెప్టెంబర్ 28 నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ ఈ సౌకర్యం కల్పించారు. గల్ఫ్‌లోనో మరెక్కడనో పదహారేళ్లు నిండాక ఏడాది, ఆపైన ఉన్నవారు ఆ దేశం నుంచి కూడా పోలీసు పత్రం తెప్పించాలి. ఇది ఎక్కువ కాలం పట్టే పని. వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల వద్దనే జరగాలి. టీకాల కార్డు దాచుకున్న తల్లి ఇక్కడ బిడ్డకు మేలు చేసినట్లే.

హైదరాబాద్‌లో 2008 నుంచి అమెరికా కాన్సులేట్ ఉన్నప్పటికీ వలస వీసా ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబైలో జరుగుతాయి. ప్రయాణం, బస ఖర్చు అదనం.

ఫీజుల విషయానికొస్తే, 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో ఐ-130కి కాగితం మీద అయితే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లుగా నిర్ణయించారు. ఫీజులు మారుతుంటాయి గనుక కట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి.

పెళ్లి నిజమని చూపాలి

పెద్దలు కుదిర్చిన పెళ్లిని అమెరికా చట్టం తప్పుపట్టదు. అది నిజమైన కాపురమా, వీసా కోసం కట్టిన తాళా అన్నదే చూస్తుంది. నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా ఇరువైపుల బంధువులు కనిపించే ఫొటోలు, ఫంక్షన్ హాలు రసీదు, ఫోన్ల, మెసేజుల వివరాలు, భర్త పంపిన డబ్బుకు బ్యాంకు ఆధారం, అతను వచ్చివెళ్లిన టికెట్లు, బీమాలో భార్య పేరు నామినీగా ఉన్న కాగితం, ఇవన్నీ రుజువులే. ఐదు వందల ఫొటోల ఆల్బం కంటే తేదీ, చోటు రాసిన పాతిక ఫొటోలు మేలు.

భర్త ఆదాయం కూడా చూస్తారు. ఐ-864 అనే పోషణ హామీ పత్రంలో అతను అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపాలి. చాలకపోతే మరొకరు ఉమ్మడి హామీదారుగా సంతకం చేయవచ్చు. విడాకులైనా ఈ హామీ రద్దు కాదన్నది గమనార్హం. అయితే ఇది కుటుంబ దరఖాస్తుల మాట. హెచ్-1బి భర్త ఉద్యోగం వెంట వచ్చే భార్యకు సాధారణంగా ఈ పత్రం అవసరం ఉండదు.

అబద్ధానికి మాత్రం క్షమాపణ దొరకడం కష్టం. ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే జీవితాంతం ప్రవేశ నిషేధం పడవచ్చు. దరఖాస్తు నింపింది కన్సల్టెన్సీ వాడైనా సంతకం భార్యది. కనుక చదవకుండా సంతకం పెట్టరాదు.

ఫైలు ఎవరి చేతిలో ఉంది?

ఈ వ్యవహారమంతటిలో అడగాల్సిన పెద్ద ప్రశ్న ఇదే. చాలా ఇళ్లలో దరఖాస్తు సంగతి భర్తకో, మామగారికో తెలుస్తుంది గాని భార్యకు తెలియదు. పాస్‌పోర్టు అత్తగారి బీరువాలో ఉంటుంది. ఫైలు నంబరు, పాస్‌వర్డు భర్త దగ్గర ఉంటాయి. కాపురం సజావుగా సాగినంత కాలం ఇబ్బంది లేదు. తేడా వస్తే ఆమె చేతిలో తన పెళ్లికి రుజువు కూడా ఉండదు.

ప్రవాస పెళ్లిళ్లలో మోసపోయిన మహిళల ఫిర్యాదులు చూసేందుకు 2009లో జాతీయ మహిళా కమిషన్‌ను సమన్వయ సంస్థగా నియమించారు. ప్రవాసుల వివాహాలను 30 రోజుల్లో రిజిస్టరు చేయాలంటూ 2019 ఫిబ్రవరి 11న రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. ఈ వివాహాలకు సమగ్ర చట్టం అవసరమని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సిఫారసు చేసింది.

అమెరికా చట్టంలోనూ భార్యకు రక్షణలున్నాయి. భర్త హింసించినా, విడాకులు జరిగినా షరతుల కార్డు ఉన్న భార్య ఒంటరిగానే ఐ-751 వేసుకోవచ్చు. పౌరుడి లేదా గ్రీన్‌కార్డుదారుడి చేతిలో హింసకు గురైన భార్య భర్త ప్రమేయం లేకుండా సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు 1994 చట్టం కల్పించింది. కానీ ఏ దారిలో వెళ్లినా ఆమె దగ్గర కాగితాలుండాలి. పాస్‌పోర్టు, వివాహ ధృవపత్రం, దరఖాస్తు నకలు, రసీదు నంబరు ఒక సెట్టు తన దగ్గర, మరో సెట్టు తల్లిగారింట ఉంచడం అనుమానం కింద లెక్క కాదు. అది జాగ్రత్త.

ఆకేరు చెప్పిన మాట

2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకు ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచెత్తింది. అటువంటి వరదలో ప్రాణాలు దక్కించుకోవడమే గొప్ప. పెట్టెలోని కాగితాల మీదికి ధ్యాస పోదు. నీరు తీశాక చూస్తే మెమోలు, ధృవపత్రాలు ముద్దయి ఉంటాయి. పదో తరగతి మెమో నకలు కావాలంటే చదివిన బడి ద్వారా పరీక్షల విభాగానికి దరఖాస్తు చేయాలి. నెలలు పట్టే పని అది. ముందే స్కాన్ చేయించి ఫోనులో, మెయిల్‌లో దాచుకుంటే కనీసం నంబర్లైనా దక్కుతాయి.

స్థానిక కార్యాలయాలు కూడా కొంత చేయాల్సి ఉంది. పాత పంచాయతీ రిజిస్టర్లను కంప్యూటర్‌కు ఎక్కించాలి. పేర్ల సవరణకు ఏయే కాగితాలు కావాలో మున్సిపాలిటీ, మీసేవ కేంద్రాల ముందు తెలుగులో బోర్డు పెట్టాలి. ఏ చట్టం కింద ఏ పెళ్లి రిజిస్టరు అవుతుందో తండాలకు వెళ్లి చెప్పాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

పెళ్లి సామాను జాబితా రాసుకునే నాడే అందులో మరో వరుస చేర్చుకోవడం తల్లిదండ్రుల వంతు. జనన ధృవపత్రం, మెమో, ఆధార్, పాస్‌పోర్టు నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ కలిశాయో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఇప్పుడు కేటాయించని కుటుంబం తర్వాత ఏళ్లు కేటాయించాల్సి వస్తుంది.